మా సీమలో పాత మోటారుబండ్లు

ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు సంధులు, సమాసములు బోధించి విశ్రాంతి గొన్న తెలుగు పండితుడు పాత మోటారుబండ్లను గూర్చి మాటాడుట మీకు వింతగా తోపవచ్చును. నాకు మోటారు నడుపుట రాదు. నేను త్రొక్కిన వాహనము సైకిలు ఒక్కటియే. మాది మొవ్వ. ఆ పేరు వినగానే క్షేత్రయ్యయు, ఆయన పదములలోని మువ్వగోపాలుడును స్ఫురింతురు గాని మోటారు స్ఫురింపదు. ప్రక్కనున్న కూచిపూడి పేరు చెప్పినచో గజ్జెల చప్పుడు వినవచ్చును గాని హారను చప్పుడు వినరాదు. అయినను ఈ విషయమున నాకొక అధికారము కలదు. పొరపాటు చేసినవానికి ఆ పొరపాటును గూర్చి చెప్పు అధికారముండును గదా. అది యేమో సమయము వచ్చినపుడు చెప్పెదను. ముందు కొంత చరిత్ర.

బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట మా సీమకు కాలువలే రాజమార్గములైనవి. ధాన్యము పడవమీద పోయెడిది. పెండ్లివారు పడవమీద వచ్చెడివారు. బందరులో వ్యాజ్యమున్నవాడు రాత్రి పడవ యెక్కి నిద్రపోయి తెల్లవారుసరికి కచేరీ ముందర దిగెడివాడు. 1908లో బెజవాడనుండి బందరునకు రైలు వచ్చెను. 1928లో గుడివాడనుండి భీమవరమునకు మరియొక దారి పడెను. రోడ్డు మాత్రము అన్నిటికంటె వెనుకబడినది. మాది నల్లరేగడి. వాన కురిసినచో ఎడ్లబండి చక్రము ఇరుసుదాక దిగును. ఎండ కాసినచో అదే మన్ను పెళ్లలు కట్టి రాయియగును. ఇట్టి నేలమీద మోటారు సంవత్సరములో నాలుగైదు నెలలు మాత్రమే తిరుగగలిగెడిది. సంక్రాంతికి కారు బయటికి తీసి మృగశిర కార్తెకు లోపల పెట్టుదురని మా పెద్దలు చెప్పెడివారు. మడత మంచమునకును కారునకును ఒకటే కాలము.

చెన్నపట్టణమున 1901లో మొదటి మోటారుకారు వీధి కెక్కెను. 1903లో సింప్సన్ కంపెనీవారి శాలలో శామ్యూల్ జాన్ గ్రీన్ అను నతడు ఆవిరితో నడచు కారు నొకదానిని అక్కడనే నిర్మించెను. ఆ నగరమున కారు కొన్న భారతీయులలో ప్రథములుగా పేరొందినవారు నంబెరుమాళ్ల శెట్టిగారు. ఉన్నత న్యాయస్థాన భవనమును నిర్మించిన గుత్తదారు. ఆయన కారు ఫ్రాన్సు దేశపు డి డియోన్ బూటన్. దాని అంకె ఎం.సి. 3. ఇన్నేండ్ల తరువాత ఆ సంగతి మనము నిశ్చయముగా చెప్పుకొనుచున్నామన్నచో, అది ఆ మూడవ అంకె చలవయే. బండి యేమైనను అంకె మిగిలినది. ఈ మాటను శ్రోతలు కొంచెము జ్ఞాపకముంచుకొన వేడెదను.

మా డెల్టాకు కార్లు విరివిగా వచ్చినది అమెరికా కంపెనీలవలన. ఫోర్డు కంపెనీవారు 1926లో ఈ దేశమున శాఖ తెరచిరి. ఆ శాఖ అమెరికా ఫోర్డునకు గాక కెనడా ఫోర్డునకు చెందినది. బ్రిటిషు సామ్రాజ్యములోని దేశములకు స్టీరింగు కుడివైపున నుండు బండ్లను కెనడావారు పంపెడివారు. జనరల్ మోటార్సువారు 1928లో బొంబాయిలో కార్లు కూర్చుట మొదలిడిరి. విడిభాగములు పెట్టెలలో ఓడ దిగును. ఇక్కడ బిగించి, రంగు వేసి అమ్ముదురు. మొదట జమీందారులు, పిమ్మట ప్లీడర్లు, డాక్టర్లు, ఆ మీదట నూరెకరముల రైతులు కొనిరి. అంతలో ప్రపంచమంతటను ఆర్థికమాంద్యము వచ్చి ధాన్యపు ధర కూలిపోయెను. కొత్తకారు కొన్న ప్లీడరు దానిని పోషింపలేక అమ్మజూపుట, పల్లెటూరి రైతు తక్కువ ధరకు కొనుట అప్పటినుండియే కలదు. పాతకార్ల వ్యాపారమునకు మా సీమలో బీజము వేసినది సంపద కాదు, కరువు.

నేను చెప్పబోవు బండియు అట్లు చేతులు మారినదే. మా ఊరికి రెండు క్రోసుల దూరముననున్న యొక గ్రామమున ఒక రైతు గృహస్థుడు బందరులో ఒక ప్లీడరుగారియొద్ద కొనెను. అది 1930వ సంవత్సరపు ఫోర్డు, ఏ మోడలు. పైన గుడ్డకప్పు, నాలుగు తలుపులు గల టూరింగు కారు. ఆ యింటికి మా తండ్రిగారు పురోహితులు. కనుక నా చిన్నతనమున ఆ కారు నాకు పరిచయము. అప్పటికే అది వృద్ధు. దసరాకు ఆయుధపూజనాడు మా తండ్రిగారు దానికి కుంకుమబొట్టు పెట్టుచుండగా నేను వెనుకనుండి దాని రబ్బరు తివాసీని గోటితో గిల్లుచుండెడివాడను.

ఆ మోడలును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1927 చివరనుండి 1932 వరకు ఫోర్డువారు ఇట్టివి నలువది ఏడు లక్షలకు పైగా చేసిరి. ఇంజనుకు నాలుగు సిలిండర్లు, నలువది గుర్రముల బలము. పెట్రోలు తొట్టి ముందు అద్దము క్రిందనే యుండును. పంపు లేదు. కుండలో నీరు చిల్లునుండి కారినట్లు పెట్రోలు తన బరువుచేతనే ఇంజనులోనికి దిగును. స్టీరింగు క్రింద రెండు చిన్న మీటలు. ఒకటి పెట్రోలు హెచ్చించునది, మరియొకటి నిప్పురవ్వ వేళను ముందు వెనుకలు చేయునది. హ్యాండిలు వేసి త్రిప్పునపుడు ఈ రెండవ మీటను వెనుకకు జరుపవలెను. మరచినచో ఇంజను ఎదురుతన్నును. హ్యాండిలు వెనుకకు కొట్టి మణికట్టు విరుగును. ఆ యింటి డ్రైవరు కుడిమణికట్టు వంకరగా నుండెడిది. ఎవరైన అడిగినచో, "కొత్తలో ఒకసారి మర్చిపోయానండి. తర్వాత ఇంకెప్పుడూ మర్చిపోలేదు" అనెడివాడు. ఇక దాని హారను "అహూ... గా" అని రెండు స్వరములలో కూయును. ఊరిలోని పిల్లలందరము ఆ కూతను నేర్చి పండితుల పాఠముకంటె బాగుగ అప్పగించెడివారము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941లో, పెట్రోలునకు రేషను వచ్చెను. కూపన్లు లేనిదే చుక్క దొరకదు. అప్పుడు బస్సులకు, కొన్ని కార్లకు వెనుకవైపున ఒక ఇనుప పీపా తగిలించి, దానిలో కట్టెబొగ్గు రగిల్చి, ఆ వాయువుతో ఇంజను నడిపిరి. బొగ్గుబస్సనగా మా పెద్దల తరమువారు ఇట్టే గుర్తించెడివారు. బయలుదేరుటకు ముందు అరగంట పంకా త్రిప్పవలెను. బలము సగము. మా సీమలో కొండలు లేవుగాని కాలువ వంతెనలు కలవు. వంతెన యెక్కవలసినపుడు ప్రయాణికులు దిగి త్రోసి, ఆవలి ఒడ్డున మరల ఎక్కెడివారు. టిక్కెట్టు మాత్రము పూర్తిదే. మేము చెప్పుకొను ఫోర్డునకు బొగ్గుపీపా తగిలింపలేదు. యజమాని దానిని మూడేండ్లు కదల్పక, చక్రముల క్రింద దిమ్మెలు పెట్టించి, నెల కొకసారి డ్రైవరుచేత ఇంజనును చేతితో త్రిప్పించెను. అది బిగిసిపోకుండుటకు చేసిన పని. అది చదువుకొన్నవాని తెలివి కాదు, ఎద్దును కట్టివేసిన దినమునను మేతవేయు రైతు తెలివి.

యుద్ధము ముగిసినవెంటనే సైన్యము విడిచిన జీపులు, లారీలు వేలమునకు వచ్చెను. వీనినే డిస్పోజల్సు బండ్లనిరి. బెజవాడ లారీ వ్యాపారము ఇంతగా పెరుగుటకు ఆ బండ్లు కొంత పెట్టుబడి యైనవి. జమీందారీ రద్దుచట్టము 1948లో వచ్చెను. దానితో దివాణముల గారేజీలు తగ్గుమొగము పట్టెను. స్వదేశమున తయారు చేయు యేర్పాటు లేక కేవలము బిగించి అమ్ము కంపెనీలు 1953, 1954 ప్రాంతమున తలుపులు మూసికొనెను. ఫోర్డు, జనరల్ మోటార్సు రెండును పోయినవి. ఇక విడిభాగములు రావు. ఇక్కడనే మన మెకానిక్కుల చరిత్ర మొదలగును. దానిని వ్రాసిన వారు లేరు. రేకు నెరిసినచో గోదాముల రేకుతో అతుకు వేసిరి. తలుపు చట్రపు కఱ్ఱ చెదలు తిన్నచో వడ్రంగి తుమ్మకఱ్ఱతో చెక్కెను. సీట్లలో కొబ్బరిపీచు కూరిరి. కమ్ముకట్టలను బండిచక్రముల కమ్మరియే సాగగొట్టెను. మరికొందరు ఇంజను చెడినచో అంబాసిడరు ఇంజనును తెచ్చి షెవర్లే కడుపులో పెట్టిరి. ఇప్పుడు పాతబండ్లను పరీక్షించు పండితులు దీనిని చూచి ముక్కు విరుతురు. నాకు మాత్రము ఆ అంబాసిడరు ఇంజను లేనిచో ఆ షెవర్లే నలువదియేండ్లకు ముందే తూకమునకు పోయెడిదని తోచును.

ఇంగ్లీషులో ఇట్టి కార్లను వింటేజి యందురు. ఆ మాట ద్రాక్షపంటకు సంబంధించినది. ఏ సంవత్సరపు ద్రాక్షతో చేసిన మద్యమో చెప్పుటకు పుట్టిన మాట కారునకు సంక్రమించినది. ఇంగ్లండులో 1930 తుదివరకు చేసినవే వింటేజి. మన దేశపు సంఘములవారు 1939 వరకు సాగదీసిరి. మనవారు పాతబండి యందురు. ఆ మాటలో గౌరవము లేదు. పండితుడనగుటచే దీనికి ప్రాచీనశకటమని పేరు పెట్టి చూచితిని గాని, మా మనుమడు నవ్వుటచే మానుకొంటిని.

ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో పాతకార్ల ఊరేగింపు నడపిరి. 1968లో కలకత్తాలోను మొదలిడిరి. అంతవరకు తుప్పు అనుకొన్నది వస్తువని జనులకు అప్పుడు తెలిసెను. 1971లో రాజ్యాంగ సవరణతో రాజభరణములు రద్దయ్యెను. సంస్థానముల గారేజీలనుండి పెద్ద పెద్ద కార్లు బయటికి వచ్చెను. పరదేశీయులు కొనిపోసాగిరి. ఆ దశకముననే ప్రభుత్వమువారు ఎగుమతికి అడ్డు వేసిరి. హైదరాబాదులో నిజాముల 1912వ సంవత్సరపు రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ నేటికిని చౌమహల్లా ప్యాలెసులో పసుపురంగుతో నిలిచియున్నది. సింహాసనము వంటి పీఠము దానికి. కొన్ని వందల మైళ్లు మాత్రమే తిరిగినదట. నేను దానిని చూచితిని. అందమునకు లోటు లేదు. అయితే తిరుగని బండి నాకు పఠింపని గ్రంథమువలె తోచినది. కోయంబత్తూరున మరియొక తీరు. తమిళదేశమున స్థిరపడిన తెలుగింట పుట్టిన జి.డి. నాయుడుగారు యౌవనమున హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో ఒక దొరయొద్ద మోటారుసైకిలు కొని, విప్పి, మరల బిగించి విద్య నేర్చిరి. 1920లో ఒక్క బస్సుతో మొదలిడి పెద్ద బస్సు సంస్థను నడపిరి. అక్కడ వారి ధర్మసంస్థవారు 2015లో కార్ల ప్రదర్శనశాల తెరచిరి. రాజులకు తోషఖానా, నాయుడుగారికి ధర్మసంస్థ. మా పల్లెటూరి ఫోర్డునకు ఉన్నది గొడ్లచావడి.

1968 ప్రాంతమున ఆ కారు కడపటిసారి తిరిగినది. యజమాని గతించెను. కుమారులు అంబాసిడరు కొనిరి. ఫోర్డును చావడిలో ఒక మూలకు త్రోసి, దానిమీద వరిగడ్డి వేసిరి. కోళ్లు వెనుకసీటులో గ్రుడ్లు పెట్టెడివి. 1977 నవంబరు 19నాటి ఉప్పెన దివిసీమను ముంచి పదివేలమందికి పైగా బలిగొనెను. మావైపు నీరు రాలేదుగాని గాలికి ఆ చావడి కప్పు కారుమీద కూలెను. ఆ దినములలో కారును తలచినవా రెవ్వరు? నేను నా స్నేహితులతో అవనిగడ్డవైపు బియ్యపు మూటలు మోయుచుంటిని. తిరిగి వచ్చిన నెలకు డ్రైవరు ఒక్కడే కప్పు తాటాకులు తీసివేసి కారుమీద పాత టార్పాలిను పరచెను.

ఇక నా పొరపాటు. 1983 వేసవిలో ఆ యింటి పెద్దమ్మగారు నన్ను పిలిపించి, ఒక ఇనుప ట్రంకుపెట్టె తెరచి, "నాయనా, ఇంగ్లీషు కాగితాలు మాకు తెలియవు. పనికొచ్చేవి ఉంచి తక్కినవి తీసెయ్యి" అని చెప్పిరి. నాకప్పుడు ఇరువదియైదేండ్లు. కొత్తగా ఉద్యోగములో చేరితిని. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చునను గర్వము కలదు. పొలము దస్తావేజులు, శిస్తు రశీదులు ఒక మూట కట్టితిని. మిగిలినవి క్రింద పడవేసితిని. వానిలో కారుయొక్క రిజిస్ట్రేషను పుస్తకము, మన వ్యవహారమున సి బుక్కు, ఉండెను. యజమానులు మారినపుడెల్ల సంతకములు పడిన పుటలుండెను. బందరు ప్లీడరుగారు వ్రాసియిచ్చిన అమ్మకపు కాగితముండెను. వాడక మిగిలిన పెట్రోలు కూపన్లు, చెన్నపట్టణమున టైర్లు కొన్న బిల్లు, అన్నియు ఉండెను. అన్నిటిని చేతితో పట్టి చూచితిని. కారే కదలనపుడు కారు కాగితమేల అనుకొంటిని. ఆ సాయంకాలము పాతకాగితముల వాడు వచ్చి వానిని తూచి కొనిపోయెను. పెద్దమ్మగారు ఆ డబ్బులు నా చేతిలోనే పెట్టిరి. నేను పుచ్చుకొంటిని.

ఇంతకంటె సిగ్గుపడదగిన సంగతి మరియొకటి. ఆ వేసవిలోనే నేను తాళపత్రగ్రంథములకై ఊరూర తిరుగుచుంటిని. తాతలనాటి తాటియాకులను కృష్ణలో కలిపిన గృహస్థులను వారి యరుగులమీదనే కూర్చుండి నిందించుచుంటిని.

1996లో బందరు దళారి యొకడు హైదరాబాదునుండి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని వచ్చెను. అప్పటికి పెద్దమ్మగారు లేరు. దళారులు ఇట్టివానిని కనిపెట్టు విధము చిత్రమైనది. ఊరిలోనికి వచ్చి కారు మాట యెత్తరు. టీదుకాణమున కూర్చుండి పాత రైసుమిల్లులు, పాత ఇంజన్లు అని మాటలు కలిపి, డ్రైవరు వృత్తి చేసిన ముసలివాని పేరడుగుదురు. ముసలివాడు దొరికిన బండి దొరికినట్లే. వచ్చిన పెద్దమనిషి యోగ్యుడు. గడ్డి తీయించి చుట్టును మూడుమార్లు తిరిగెను. అయస్కాంతము తీసి రేకుమీద అక్కడక్కడ ఆనించి చూచెను. అంటినచోట ఇనుము, అంటనిచోట పూతపిండి. ఇంజను ప్రక్కనున్న అంకె వ్రాసికొనెను. పిమ్మట అడిగెను: "పుస్తకం ఉందాండీ?"

ఎవ్వరును మాటాడలేదు. నేను తల దించుకొంటిని. పుస్తకమున్నచో లక్షరూపాయలు ఇచ్చెదననియు, లేనిచో ఎవరి బండియో, ఎక్కడి బండియో ఋజువు లేనిదానిని రోడ్డుమీద తిప్పజాలననియు ఆయన చెప్పెను. ఆయన తప్పేమియు లేదు. దొంగబండికిని దొరబండికిని కాగితమే భేదము. కుమారులు విసిగి, మరునెలలో దళారికే పదివేలకు ఇచ్చివేసిరి. దళారి దానిని బండిగా కొనలేదు. దీపములొకరికి, రేడియేటరొకరికి, ఇంజనొకరికి, ఇరుసులొకరికి. మిగిలిన చట్రమును, రేకును గుడివాడలో పాత ఇనుపసామానులవారికి తూకమునకు వేసెను. చావడిలో విప్పుచున్న దినమున డ్రైవరు వచ్చి చూచుచు నిలుచుండెను. చివరకు నాతో, "పంతులుగారూ, ఆ హ్యాండిలు నాకిప్పించండి" అనెను. దళారి నవ్వి ఇచ్చెను. తన చేతిని విరిచిన హ్యాండిలును ఆ ముసలివాడు తువ్వాలులో చుట్టుకొని పోయెను. ఇప్పుడాయన లేడు. మనుమడు ట్రాక్టర్లు బాగుచేయు షెడ్డు పెట్టినాడు. హ్యాండిలు గోడకు మేకుపై వ్రేలాడుచున్నది. దాని వలన ఉపయోగము లేదు, కదల్చనియ్యడు.

చాలయేండ్లకు బెజవాడ ఆటోనగరులో పాతబండ్ల పనివాడొకడు నాకొక సంగతి చెప్పెను. ఆ ఫోర్డునకు ఇంజనుమీదనున్న అంకెయే చట్రముమీదను చెక్కియుండును. ఎడమవైపు దూలము పైముఖమున, శరీరపు రేకు క్రింద దాగియుండుటచే పైభాగమును లేపినగాని కనబడదు. ఇంజను మారినను ఆ అంకె మారదు. 1996లో అది మాలో ఎవ్వరికిని తెలియదు. తెలిసినను పుస్తకమునకు సమానము కాదుగాని, పాత రిజిష్టర్లు వెదకుటకు ఒక దారమైన దొరికెడిది. ఆ దూలము తూకములో పోయినది.

దీనినుండి నాకొక శాస్త్రచర్చ స్ఫురించినది. మా మొవ్వకు దగ్గరనే ఘంటసాల. బౌద్ధస్తూపము, ప్రాకృతశాసనములు గల ఊరు. అక్కడి శాసనమొకటి మహానావికుని పేర్కొనుచున్నది. ఆయన యోడ ఒక్క పలకయైన మిగులలేదు. బౌద్ధుల మిళిందప్రశ్నలో నాగసేనుడను భిక్షువు యవనరాజగు మిళిందుని అడుగును: నీవు రథముమీద వచ్చితివి గదా, ఇరుసు రథమా, చక్రములు రథమా, నొగ రథమా అని. ఏదియు కాదు. ఇవి యన్నియు కూడినపుడు వ్యవహారమునకు పెట్టిన పేరే రథమని తేలును. పాతకార్లను బాగుచేయువారు నేడు పడుచున్న తగవు ఇదియే. కొందరు పాత రంగు వెలిసినను తీయరాదందురు. మరికొందరు ప్రతి మేకును మార్చి అద్దమువలె మెరయించెదరు. అన్ని భాగములు మారిన పిమ్మట అది 1930వ సంవత్సరపు బండి యెట్లగును? మన శిల్పశాస్త్రములు దేవాలయ జీర్ణోద్ధారణమునకు విధులు పెట్టినవి. శిథిలమైనంతవరకే మార్చి, నిలువగలిగినదానిని నిలుపుట నా యభిమతము. ఎంత మార్చినను ఏది యెపుడు మారినదో వ్రాసిపెట్టినచో నాగసేనునికి సమాధానము చెప్పవచ్చును. మా ఫోర్డు భాగములు నేటికిని ఎక్కడనో నాలుగు బండ్లలో తిరుగుచుండవచ్చును. ఆ పేరుగల బండి మాత్రము లేదు.

ప్రభుత్వమువారు 2021 జూలైలో ప్రాచీనవాహనములకు ప్రత్యేకనిబంధనలు చేసిరి. మొదటి రిజిస్ట్రేషను జరిగి యేబదియేండ్లు దాటి, మూలరూపము చెడక, పెద్ద మార్పులు లేని రెండు, నాలుగు చక్రముల వాహనములు వీనిలోనికి వచ్చును. అంకెలో రాష్ట్రపు గుర్తు తరువాత వి.ఎ. అను అక్షరములుండును. కొత్త నమోదునకు ఇరువదివేల రూపాయలు, పదియేండ్ల గడువు. తిరిగి చేయించుటకు అయిదువేలు. నిత్యము రోడ్డుమీద తిప్పరాదు, బాడుగకు పెట్టరాదు. ప్రదర్శనకు, ఊరేగింపునకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుటకు తీయవచ్చును. అమ్మినచో అమ్మినవాడును కొన్నవాడును తొంబది దినములలోపల తెలుపవలెను. దరఖాస్తుతో జతపరుపవలసినవానిలో, ఇదివరకే ఈ దేశమున నమోదైన బండికి, పాత పుస్తకము ఒకటి. ఆ పంక్తిని నేను రెండుమార్లు చదివితిని.

మొన్నటి సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఘంటసాలవైపు ఒక కుఱ్ఱవాడు నాయొద్దకు వచ్చెను. తన ముత్తాత డిస్పోజల్సులో కొన్న జీపు కొబ్బరితోటలో ఉన్నదనియు, బేరగాడు వచ్చి "ఇది యుద్ధం జీపు కాదు, తర్వాత వచ్చిన మహీంద్రా" అని ధర తగ్గించుచున్నాడనియు చెప్పెను. బేరగాని మాటలో కొంత నిజము లేకపోలేదు. మహీంద్రావారు 1947 మొదలుకొని జీపులు కూర్చి అమ్మిరి. వానికి పచ్చరంగు వేసి యుద్ధపు జీపులని చెప్పి అమ్మువారున్నారు. అసలు వానిలోను రెండు తెగలు. విల్లీసువారు చేసినవి కొన్ని, అదే నమూనాలో ఫోర్డువారు చేసినవి కొన్ని. విల్లీసుకు ముందువైపు అడ్డకమ్మి గుండ్రని గొట్టము. ఫోర్డుకు అది పలకలు గలది. మరియు ఫోర్డువారు తమ భాగములపై, మరచీలల తలలమీద గూడ, ఎఫ్ అను అక్షరమును ముద్రించిరి.

కుఱ్ఱవాని సైకిలుమోటారు వెనుక కూర్చుండి పోయితిని. జీపు కొబ్బరిమట్టల క్రింద ఉన్నది. ఉప్పుగాలికి రేకు జల్లెడవలె నైనది. అడ్డకమ్మి పలకలుగా నున్నది. కిరసనాయిలు గుడ్డతో తుడువగా ఒక మరచీల తలపై ఎఫ్ కనబడెను. "కాగితములున్నవా నాయనా?" అని అడిగితిని. అడుగునపుడు నా గొంతు కొంచెము వణకెను. వాళ్ల నాయనమ్మ లోపలనుండి పసుపుగుడ్డలో కట్టిన మూట తెచ్చి, "వీటిని పారెయ్యొద్దని మా మాఁవగారు పోయేముందు చెప్పారండి" అని అందించెను. పుస్తకము పుటలు అంటుకొనియుండెను గాని అక్షరము చెడలేదు.

చట్రపు ఎడమదూలమున, ముందుచక్రము వైపు, అంకె యుండవలెను. కుఱ్ఱవాడు గ్రీజు గోకెను. శాసనములకు సిరాతో అచ్చు తీసినట్లు రవాణా కార్యాలయములలో చట్రపు అంకెలకు పెన్సిలుతో అచ్చు తీయుదురు. నేనును తెల్లకాగితము దూలమున పరచి పెన్సిలును అడ్డముగా రుద్దితిని. ముందు జి, పి, డబ్ల్యు అని మూడక్షరములు లేచినవి. పిమ్మట అంకెలు. అయిదు స్పష్టముగా తేలినవి. ఆరవదానిని తుప్పు తినివేసినది. కాగితము మార్చి మరల రుద్దితిని, తేలలేదు. నాయనమ్మగారు పసుపుగుడ్డ మీద పుస్తకము తెరచి పట్టుకొనిరి. అందులో అది ఏడు.